ఉస్తాద్‌కు శాలువా ఒక్కటే చాలదు

ఇటీవల మన జిల్లాలోని ఒక కళాశాలలో పదవీ విరమణ సభకు హాజరయ్యాను. దాదాపు మూడు దశాబ్దాలపాటు విద్యార్థులకు ఆటలు నేర్పిన ఫిజికల్ డైరెక్టర్ గారికి వీడ్కోలు సభ అది. వక్తలు ఆయన క్రమశిక్షణను కొనియాడారు, శాలువాలు కప్పారు, జ్ఞాపిక అందించారు. మరునాటి ఉదయం ఆయన స్థానంలో మైదానానికి ఎవరు వస్తారన్న మాట మాత్రం వేదికపై ఎవరి నోటా రాలేదు. భోజనాల వేళ నేనే అడిగాను. “ప్రస్తుతానికి ఇన్‌చార్జి ఎవరో ఒకరు చూస్తారు” అన్నారు.

ప్రభుత్వ గుమాస్తాగా జీవితం గడిపిన నాకు ఆ “ప్రస్తుతానికి” ఎంత కాలం సాగుతుందో తెలుసు. పదవీ విరమణ హఠాత్తుగా వచ్చిపడేది కాదు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ రాసిన రోజే అది ఖాయమవుతుంది. అయినా ఖాళీ ఏర్పడ్డాకగానీ ఫైలు కదలదు. లెక్కల అధ్యాపకుడు లేకపోతే తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌ను నిలదీస్తారు. ఆటల గురువు లేడని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచినప్పుడు నిజామాబాద్ వీధుల్లో మనమంతా మిఠాయిలు పంచుకున్నాం. ఆమె వెనుక తండ్రి జమీల్ అహ్మద్ గారి పట్టుదల ఉంది. మన ఊళ్ళోనే తొలి పాఠాలు నేర్పిన బాక్సింగ్ ఉస్తాద్ షమ్సముద్దీన్ గారి శ్రమ ఉంది. కామన్వెల్త్ క్రీడల్లో 2018లోనూ, 2022లోనూ కాంస్యాలు తెచ్చిన హుసాముద్దీన్ ఆయన కుమారుడే. ఒక్క గురువు ఊళ్ళో నిలకడగా ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారూ బడిపంతులుగానే జీవితం ఆరంభించారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లోగానీ మొదలు కాలేదు. మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలిసింది 2024లో వచ్చిన హిందీ సినిమాతోనే. గురువులను ఆలస్యంగా గుర్తుచేసుకోవడం మనకు పాత అలవాటే.

బోధన్ వైపు పరిస్థితి మరింత కఠినం. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడ్డాక, దానిపై ఆధారపడిన కుటుంబాలు ఫీజు కట్టి పిల్లలను ప్రైవేటు శిక్షణకు పంపగలవా? వారికి ఉన్నది సర్కారు బడిలోని పీఈటీ, కళాశాలలోని పీడీ మాత్రమే. ఆడపిల్లల విషయంలో ఈ లోటు ఇంకా పెద్దది. ఇంటికి వచ్చి “అమ్మా, మీ అమ్మాయి బాధ్యత నాది, టోర్నమెంటుకు పంపండి” అని తల్లికి నచ్చజెప్పేది ఏళ్ళ తరబడి ఆ వీధికి పరిచయమున్న గురువే. నెలకొకరు మారే ఇన్‌చార్జి మాట మీద ఏ తల్లి బిడ్డను పంపుతుంది? నేనైనా పంపను.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి పాఠశాలకు ఆటస్థలం ఉండాలంటోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకుణ్ణి నియమించాలని కూడా అందులో ఉంది. కాబట్టి మనం అడుగుతున్నది దయాభిక్ష కాదు. మన మొహల్లా కమిటీలు, యువజన సంఘాలు మైనారిటీ హక్కుల పేరిట ఇచ్చే వినతిపత్రాల్లో ఈ అంశం నాకెన్నడూ కనిపించలేదు. స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు అన్నీ ఉంటాయి. ఉండాల్సిందే. మైదానం మాత్రం ఉండదు.

నిజామాబాద్, బోధన్‌లలోని మిత్రులకు నాదొక విన్నపం. మీ పిల్లలు చదివే బడిలో, కళాశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నారా, ఉంటే ఎప్పుడు విరమిస్తున్నారు అని ఈ నెలలోనే కనుక్కోండి. శాలువా కొనడానికి చందాలు పోగుచేసే ముందే, ఆ పోస్టు ఖాళీ కాకుండా చూడమని కలెక్టర్ గారికీ, సంబంధిత శాఖకూ అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. అర్జీ రాసిపెట్టడం నాకు చేతనైన పని. వివరాలు తెస్తే నేనే రాసిస్తాను.