మందునకు అలవాటుపడునది ఎవరు?

"మందు వాడి వాడి ఒడలికి అలవాటైనది, ఇక పనిచేయదు" అను మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. శరీరశాస్త్ర పాఠము చెప్పునప్పుడు విద్యార్థులును మాకు ఇదే ప్రత్యుత్తర మిచ్చుచుందురు. సూక్ష్మజీవులను చంపు ఆంటిబయాటిక్ మందుల విషయమున ఈ మాట సరికాదు. సరికాకపోవుటయే గాక, దీనివలన కీడును కలదు. అలవాటుపడునది ఒడలే యైనచో అది ఆ యొక్కని బాధ, వాని యిష్టము. మారునది సూక్ష్మజీవియైనచో అది యొక యింట పుట్టి పదియిండ్లకు ప్రాకును. ఈ భేదమును బాలబాలికలును, వారి తలిదండ్రులును గ్రహించుట మిక్కిలి అవసరమని మా యభిప్రాయము.

ఇందులకు క్షయరోగ చరిత్రమే మంచి నిదర్శనము. ఆ రోగమునకు సరియైన మందు లేని దినములలో విశ్రాంతి, నిర్మలమైన గాలి, పుష్టినిచ్చు ఆహారము, ఇవియే చికిత్సగా నుండెను. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున మిషనులు కలిసి నెలకొల్పిన చికిత్సాలయములో రోగులు నెలల తరబడి అట్లే గడిపిరి. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ పండితుని ప్రయోగశాలయందు ఆల్బర్ట్ షాట్జ్ అను విద్యార్థి, మట్టిలో నివసించు ఒక సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసినును కనుగొనెను. అది క్షయక్రిమిని అణచగలదని తేలెను.

బ్రిటనులో 107 గురు రోగులయందు దీనిని పరీక్షించి, 1948లో ఫలితములను ప్రకటించిరి. 55 గురికి విశ్రాంతితోపాటు మందు నిచ్చిరి. 52 గురికి విశ్రాంతి మాత్రమే యిచ్చిరి. ఆరు నెలలలో మొదటివారిలో 4 గురును, రెండవవారిలో 14 గురును మరణించిరి. మందు గొప్పదనుటకు సందేహము లేదు. అయితే కథ అంతటితో ముగియలేదు. మందు పుచ్చుకొన్నవారిలో అనేకుల కఫమునందలి క్రిములు కొన్ని వారములకే స్ట్రెప్టోమైసినును లెక్కచేయవయ్యెను. మొదట కోలుకొన్నవారిలో కొందరు మరల క్షీణించిరి. వారి ఒడలు మందునకు అలవాటుపడలేదు. వారి ఊపిరితిత్తులలోని క్రిముల సంతతి మారెను.

ఎట్లు మారెను? సూక్ష్మజీవి తాను రెండుగా చీలుచు వృద్ధి పొందును. చీలునప్పుడెల్ల తన వంశలక్షణములకు ప్రతి వ్రాసికొనును. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకుడు అక్కడక్కడ తప్పు వ్రాసినట్లు, ఇచ్చటను అరుదుగా తప్పులు దొరలును. వానిలో పెక్కు నిరుపయోగములు, కొన్ని హానికరములు. ఎప్పుడో యొక తప్పువలన మందునకు పట్టు చిక్కని క్రిమి పుట్టును. మందు లేనంతవరకు దానికి ఏ లాభమును లేదు. మందు వచ్చి తక్కినవానిని చంపగానే చోటంతయు దానిదే, ఆహారమంతయు దానిదే. కొలదికాలములో దాని సంతానమే నిండిపోవును. అనగా మందు క్రిమికి విద్య నేర్పుట లేదు. చావనివానిని ఏరి నిలుపుచున్నది.

జాషువా లెడర్‌బర్గ్, ఎస్తేరు లెడర్‌బర్గ్ దంపతులు 1952లో దీనిని తేటగా చూపిరి. పళ్లెములో పెరిగిన సూక్ష్మజీవుల గుంపులపై మఖమలు గుడ్డ నద్ది, దానినే మందు కలిపిన మరియొక పళ్లెముపై ముద్రవలె నొత్తిరి. రెండవ పళ్లెమున ఏ చోట క్రిములు బ్రదికెనో, మొదటి పళ్లెమున సరిగా ఆ చోటనే, మందు ముఖమైనను చూడని గుంపులో, మందును తట్టుకొనునవి దొరకినవి.

దీనికి వైద్యులు కనుగొన్న ఉపాయము మన అంకగణితమునకు అందునదే. లెక్క కొరకు రోగి ఊపిరితిత్తిలో పది కోట్ల క్రిములున్నవనియు, పది లక్షలకు ఒక్కటి ఒక మందును తట్టుకొననేర్చుననియు అనుకొందము. అప్పుడు నూరు క్రిములు మిగులును. ఆ నూరే మరల కోట్లగును. రెండు మందులను ఒకేసారి యిచ్చినచో, రెంటిని తట్టుకొనునది పది లక్షలను పది లక్షలచే హెచ్చవేయగా వచ్చు లక్ష కోట్లకు ఒక్కటి. పది కోట్లలో అట్టిది ఉండుట మిక్కిలి అరుదు. అందుచేతనే నేడు క్షయరోగికి పలు మందులను కలిపి, సాధారణముగా ఆరు నెలలు ఇచ్చుచున్నారు. 1956లో మద్రాసున స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రము, తన యింటనుండి మందులు పుచ్చుకొను రోగి చికిత్సాలయమునందలి రోగితో సమానముగా కోలుకొనగలడని 1959లో చూపెను. కావున మంచముకన్న, మేడకన్న ముఖ్యమైనది క్రమము తప్పకుండుటయే.

అయితే ఈ క్రమము తప్పుట ఎంత సులభము! రెండు నెలలకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఒడలికి సత్తువ వచ్చును. కూలికి పోనిదే కుటుంబము గడవదు. రోగము పేరు తెలిసిన ఇరుగుపొరుగువా రేమందురోయని సిగ్గు వేరొకటి. రోగి మందు మానును, మరల దగ్గు రాగా కొన్నాళ్లు మ్రింగును, మరల మానును. క్రిములలో చావనివానిని ఏరుటకు ఇంతకన్న అనుకూలమైన పద్ధతి లేదు. తరువాత వాని దగ్గునుండి గాలిలో పోవు క్రిమి, ఒక్క మాత్రయైనను ఎన్నడును మ్రింగని పసివాని ఊపిరితిత్తిలో చేరవచ్చును. ఆ బిడ్డకు మొదటి దినముననే మంచి మందులు పనిచేయవు.

ఇట్టి రోగిని అజ్ఞానియని నిందించువారు కలరు. మేము వారి పక్షమున లేము. ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగా నిచ్చుచున్నారు. పెక్కుమందికి కొరవడునది తోడు. నాలుగవ నెలలో "నేడు మాత్ర మ్రింగితివా?" యని ప్రేమతో నడుగు ఒక్కడు లేకపోవుటచే ఎన్ని చికిత్సలు చెడుచున్నవో! ఆ ప్రశ్న అడుగుటకు వైద్యుడే కానక్కరలేదు; చదువుకొన్న కుమారుడు చాలును, కుమార్తె చాలును.

ఇది క్షయకు మాత్రమే చెందిన మాట కాదు. పెనిసిలినును కనుగొనిన ఫ్లెమింగు 1945లో నోబెలు బహుమానోపన్యాసమున ఒక కల్పితకథ చెప్పెను. గొంతునొప్పి గల యొకడు తానే పెనిసిలిను కొని, చాలీచాలకుండ పుచ్చుకొని, చావని క్రిములను భార్యకు అంటించెను. నిమోనియా వచ్చిన ఆమెకు ఆ మందు పనిచేయక మరణించెను. ఆమె మరణమునకు బాధ్యుడెవడని ఆయన అడిగెను. నేడు మనము జలుబునకు రెండు మాత్రలు అంగడిలో అడిగి తెచ్చుకొనుచున్నాము; మిగిలినవానిని పెట్టెలో దాచి బంధువులకు పంచుచున్నాము. జలుబును కలిగించునవి వైరసులు. వానిపై ఈ మందులకు శక్తియే లేదు. రోగము కుదురక పోగా, ఒడలిలో నున్న ఇతర సూక్ష్మజీవులలో చావనివి మాత్రము ఏరబడుచున్నవి.

కాబట్టి విద్యార్థులారా, వైద్యుడు వ్రాయనిది కొనకుడు. వ్రాసినదానిని చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు పుచ్చుకొనుడు. మిగిలినదానిని ఇతరులకు ఈయకుడు. "ఒడలికి అలవాటైనది" అని యింట నెవరైన పలికినప్పుడు, వినయముతో సంగతి వివరింపుడు. మంచి సమరయుడు గాయములు కట్టి అంతటితో వెడలిపోలేదు. పూటకూళ్లవానికి సొమ్మిచ్చి, తక్కినది మరల వచ్చునప్పుడు చెల్లింతునని మాట యిచ్చెను. ఆరంభించిన స్వస్థతను కడముట్టించుట పొరుగువానియెడల మన ఋణము.