కాలు తీస్తే ఆగే బండి

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లని చుట్టాలు అడిగే రెండో ప్రశ్న ఒకటుంది. మొదటిది 'ఒకసారి ఛార్జ్ చేస్తే ఎంత దూరం వస్తుంది?' రెండోది, 'బ్రేకు వేసినప్పుడల్లా దానంతటదే ఛార్జ్ అవుతుందటగా?' అవునంటే అబద్ధమేమీ కాదు. కానీ ఈ 'ఛార్జ్' అన్న మాటతోనే షోరూముల వాళ్లు రీజెన్ బ్రేకింగ్‌ని తెగ అమ్మేస్తున్నారు. అది కాలికీ నడుముకీ కడుపుకీ ఎలా తగులుతుందో మాత్రం చెప్పరు.

నిజానికి వ్యవహారం బ్రేకు దాకా వెళ్లకముందే మొదలవుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే, అప్పటిదాకా చక్రాలను తిప్పుతున్న మోటారును చక్రాలే తిప్పడం మొదలుపెడతాయి. మోటారు కాస్తా జనరేటరై కరెంటును బ్యాటరీకి వెనక్కి పంపుతుంది. రీజెన్ అంటే ఇదే. పాత సైకిలుకి డైనమోను టైరుకి ఆనించగానే పెడలు బరువెక్కేది, గుర్తుందా? ఆ బరువే ఇక్కడ బండిని ఆపుతుంది. పెట్రోలు కారు కాలు తీశాక కాసేపు దొర్లుతుంది. ఎలక్ట్రిక్ కారు ఎక్కువ రీజెన్‌లో ఉంటే దొర్లదు, అక్కడికక్కడే నెమ్మదిస్తుంది. మొదటిసారి నడిపేవాళ్లు సిగ్నల్‌కి పది గజాల ముందే ఆగిపోయి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కి గీత దాకా పోవడం మామూలే.

ఎంత గట్టిగా ఆపాలన్న దానిమీద కంపెనీలకే ఏకాభిప్రాయం లేదు. టాటా నెక్సాన్ ఈవీ కొత్త మోడళ్లలో స్టీరింగ్ వెనకున్న ప్యాడిళ్లతో రీజెన్ స్థాయిని సున్నా నుంచి 3 దాకా మార్చుకోవచ్చు. హ్యుందాయ్ ఐ-పెడల్‌లో కాలు తీస్తే బండి పూర్తిగా ఆగేదాకా వస్తుంది. పోర్షే టైకాన్ దీనికి పూర్తి వ్యతిరేకం: మామూలు సెట్టింగులో కాలు తీస్తే హాయిగా దొర్లిపోతుంది, బ్రేకు తొక్కితేనే మోటారు వెనక్కి పనిచేస్తుంది. నా ఓటు దొర్లనిచ్చే పద్ధతికే, కారణం తర్వాత చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 1,700 కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే అందులో ఉన్న శక్తి 0.045 యూనిట్. నష్టాలు పోను చేతికొచ్చేది అందులో మూడింట రెండొంతులు కూడా ఉండదు. అంటే ముప్పై, నలభై సార్లు అలా ఆగితే ఒక యూనిట్, దానితో ఓ ఏడు కిలోమీటర్లు. అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా రోజూ ఆఫీసుకెళ్లేవారికి ఇది చిన్న లాభం కాదు. అదే ఔటర్ రింగు రోడ్డెక్కి ఒకే వేగంతో పోతుంటే మిగిలేది దాదాపు సున్నా. ఎలక్ట్రిక్ కారు ఊళ్లో ఎక్కువ దూరం, హైవే మీద తక్కువ దూరం రావడానికి ఇదొక కారణం. బ్రేకులు ఎన్నిసార్లు వేస్తే అంత ఛార్జనుకోవడం భ్రమ. పోగొట్టుకున్నదాంట్లో కొంతే తిరిగొస్తోంది మరి.

ఘాట్ రోడ్డు మాత్రం రీజెన్‌కి పుట్టిల్లు. తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. పైకి మోసిన బరువుకే మూడు యూనిట్ల పైచిలుకు ఖర్చవుతుంది. దిగేటప్పుడు ఒకటిన్నర నుంచి రెండు దాకా వెనక్కొస్తాయి, కొండ కిందికి చేరేసరికి ఛార్జ్ శాతం పెరిగి కనిపిస్తుంది. బ్రేకులు కాలిన వాసన కూడా ఉండదు. అయితే కొండమీద నూటికి నూరు ఛార్జ్ చేసుకుని బయల్దేరితే నిండిన బ్యాటరీ కరెంటు పుచ్చుకోదు. కాలు తీసినా బండి ఎప్పటిలా ఆగదు, మలుపు దగ్గర గుండె ఝల్లుమంటుంది. 85 శాతం దగ్గర ప్లగ్గు తీసేస్తే ఆ బాధ లేదు. ఇంకోటి: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పడేసి పెట్రోలు మిగిల్చామనుకునే పాత అలవాటొకటుంది. పెట్రోలు బండిలోనే అది ప్రమాదం. ఎలక్ట్రిక్ బండిలోనైతే ప్రమాదానికి తోడు నష్టం, వచ్చే యూనిట్లను చేతులారా వదులుకోవడమే.

ఇప్పుడు నా ఓటు సంగతి. రీజెన్ గట్టిగా పెట్టుకుంటే నడిపేవాడికి మజాగా ఉంటుంది. కాలు రెండు పెడళ్ల మధ్య గంతులెయ్యదు, రెండు బళ్ల ముందున్న ఆటో ఎప్పుడు తిరుగుతుందో కన్ను ముందే పసిగడుతుంది. ఆ శ్రద్ధ మంచిదే. కానీ వెనక సీట్లో ఫోను చూస్తూ కూర్చున్న మనిషికి ఈ ముందస్తు సమాచారం ఉండదు. పెట్రోలు కారు అలవాటుతో తొక్కుతూ వదులుతూ నడిపే డ్రైవరు వదిలిన ప్రతిసారీ బ్రేకు వేసినట్టే. తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పది నిమిషాల్లో కళ్లు తిరుగుతాయి, పెద్దవాళ్లయితే కిటికీ దించమంటారు. ఎలక్ట్రిక్ క్యాబుల్లో వినబడే ఫిర్యాదు ఇదే, తప్పు కారుది కాదు, ఆ మూడో నంబరు రీజెన్‌ది. క్యాబు డ్రైవరు తమ్ముళ్లారా, మనుషులు ఎక్కాక ఒకటిలో పెట్టండి. కొంత కరెంటు పోతే పోతుంది, రేటింగు మాత్రం పెరుగుతుంది.

వెనకున్న బండి సంగతీ ఆలోచించాలి. ఐరోపా తదితర దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం రీజెన్ వల్ల వేగం ప్రతి సెకనుకూ గంటకు సుమారు 4.7 కిలోమీటర్లకు మించి పడిపోతుంటే, బ్రేకు తొక్కకపోయినా బ్రేకు లైటు వెలగాలి. ఆ తగ్గుదల ప్రతి సెకనుకూ గంటకు సుమారు 2.5 కిలోమీటర్ల లోపైతే వెలగకూడదు. మధ్యలో ఉన్నది కంపెనీ ఇష్టం. బంపరుకి అంటుకుని వచ్చే మన బైకుల వాళ్లకి ఆ మధ్య భాగమే ముఖ్యం. మీ కారులో లైటు ఎప్పుడు వెలుగుతుందో ఒక సాయంత్రం ఎవరినైనా వెనక రమ్మని చూసుకోండి.

అసలు బ్రేకుల పని తగ్గిపోవడంతో వానాకాలం డిస్కులు తుప్పు పడతాయి. వారానికోసారి రీజెన్ సున్నాలో పెట్టి, ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు బ్రేకు గట్టిగా తొక్కితే చాలు. కారు కొనబోయేవాళ్లకి ఒక్క మాట: టెస్ట్ డ్రైవ్‌కి అమ్మనో నాన్ననో తీసుకెళ్లండి. మీరు స్టీరింగ్ దగ్గర ఎంతసేపు ఉంటారో అంతసేపు వెనక సీట్లోనూ కూర్చుని చూడండి. ఏ నంబరు మంచిదో అక్కడే తేలుతుంది.