బడ్జెట్ రాసే ముందు మా వీధిని అడగండి

మా వీధి చివర మురుగు కాలువ మీది పలక విరిగి మూడు వానాకాలాలు గడిచాయి. బడికెళ్లే పిల్లలను చెయ్యి పట్టుకుని దాటించడం రిటైరైన టీచరుగా నాకిప్పుడు రోజూ పని. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ ఒకటే జవాబు: "ఈ ఏడాది బడ్జెట్‌లో లేదమ్మా." ఆ బడ్జెట్ ఎప్పుడు రాశారో, ఎవరిని అడిగి రాశారో మా వీధిలో ఎవరికీ తెలియదు.

అడిగి రాయడం అసాధ్యమేమీ కాదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లోనే పేటపేటకూ సభలు పెట్టి, రోడ్డు ముందా, నీళ్లు ముందా, మురుగు కాలువ ముందా తేల్చమని జనాన్నే అడిగింది. మన పుణె కూడా 2006లో వార్డు పనులకు పౌరుల సూచనలు తీసుకోవడం మొదలుపెట్టింది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచీ చెబుతూనే ఉంది.

కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. మార్చిలో అర్జీ పెడితే అప్పటికే లెక్కలన్నీ ముగిసిపోతాయి. అందుకే దసరా వెళ్లగానే ప్రతి వార్డులోనూ సభ జరగాలి. అదీ కూలీలకు సెలవున్న రోజున, ఆడవాళ్లు ఇంటి పని ముగించుకుని రాగల వేళకు. చేతిలో ఎంత డబ్బుందో ముందే తెలుగులో గోడ మీద రాయాలి. జనం కోరిన పనుల్లో ఏది చేర్చారో, ఏది ఎందుకు చేర్చలేదో తర్వాత అదే గోడ మీద చెప్పాలి.

పన్ను కట్టేది మేమే. ఆ విరిగిన పలక మీద అడుగు వేసేదీ మా పిల్లలే. ముందు మమ్మల్ని అడగండి.