పద్యమెట్లా అవుతుంది? కవిత్వమెట్లా అవుతుంది?

బాలలూ!

నారాయణగూడ బస్సుస్టాపులో ఒక బోర్డు ఉన్నదనుకోండి: "చిక్కడపల్లి, అశోక్‌నగర్ వెళ్ళే బస్సులు ఇక్కడ ఆగును." ఇది వచనం. దీన్నే మూడు ముక్కలు చేసి, ఒకదాని కింద ఒకటి వ్రాస్తే కవిత అవుతుందా? కాదు. బోర్డు బోర్డే!

మరి పద్యానికి ఏం కావాలి? ఛందస్సు కావాలి. రెప్పపాటు కాలంలో పలికేది లఘువు, దానికి రెట్టింపు పట్టేది గురువు. "రమ" అంటే రెండు లఘువులు. "రామ" అంటే ఒక గురువు, ఒక లఘువు. వీటిని లెక్కగా పేర్చితే గణాలు, గణాలు పేర్చితే పాదాలు. వేమన పద్యాలు చాలావరకు ఆటవెలదులే. అందులో మొదటి, మూడవ పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. మిగిలిన రెండు పాదాలకు అయిదేసి సూర్యగణాలు. ఈ నడక వల్లనే పద్యం త్వరగా నోటికి వస్తుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వంటి చోట ఎవరైనా రాగం తీసి పద్యం చదివితే, అర్థం తెలియక ముందే తల ఊగుతుంది.

అయితే ఛందస్సు ఒక్కటే చాలునా? పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో వ్రాశాడు. నడక పద్యానిదే, పని మాత్రం లెక్కలు నేర్పటం. బాణుడి "కాదంబరి" సంస్కృత వచనం. అయినా పండితులు దాన్ని కావ్యమన్నారు. కుందుర్తి ఆంజనేయులుగారు ఛందస్సు విడిచి, వచన కవితను ఒక ఉద్యమంగా నడిపారు. "కుందుర్తి కృతులు"కు 1977లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కనుక పద్యం వేరు, కవిత్వం వేరు. రెండూ కలిసినచోట మన అదృష్టం!

ఈ మాట చూడండి: "వాన వెలిసింది. వీధిగుంటలో ఆకాశం నిలిచింది." ఇది ఒకే వరుసలో ఉన్నా కవిత్వమే. "గుంటలో నీళ్ళు నిలిచాయి" అని మార్చండి. సంగతి మిగిలింది, ఆకాశం పోయింది. బోర్డులో మాట మార్చినా మీకు బస్సు దొరుకుతుంది. కవితలో మాట మారిస్తే కవిత దొరకదు.

అందుకే, మార్కులు వస్తాయి గదా అని పద్యం విడిచి తాత్పర్యం బట్టీ పట్టవద్దు. తాత్పర్యం వచనం. పద్యాన్ని చేరటానికి అది మెట్టు మాత్రమే.

పెద్దలకూ ఒక మాట. పిల్లలు పద్యం పైకి చదువుతుంటే, "అర్థం చెప్పు" అని మధ్యలో ఆపకండి. ముందు చెవిని విననివ్వండి.

ఈ నెల పని: చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికో, మీ ఊరి గ్రంథాలయానికో వెళ్ళి, ఒక పద్యం ఎంచుకోండి. మూడుసార్లు పైకి చదవండి. తరువాత మీ మాటల్లో వ్రాయండి. మీ వ్రాతలోకి రానిదేమిటో వెతకండి.