తెర మీది భారం సరే, అంట్ల భారం మాటేమిటి?

ఈ మధ్య ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ప్రైవేటు బడి తల్లిదండ్రుల కోసం పెట్టిన సమావేశానికి వెళ్లాను. విషయం ‘డిజిటల్ సాధనాలు - పిల్లల ఏకాగ్రత’. పేరుకు తల్లిదండ్రులే గానీ హాలు నిండా తల్లులే. మాట్లాడిన నలుగురూ మగవాళ్లే. పిల్లల మెదడు ఒకేసారి మోయగలిగింది కొంతే అనీ, తెర మీద రంగులూ శబ్దాలూ నోటిఫికేషన్లూ ఎక్కువైతే పాఠం ఎక్కదనీ చెప్పారు. బాగానే ఉంది. చివరికి తేల్చిందేమిటంటే, తల్లులు పక్కన కూర్చుని చూసుకోవాలట! పిల్లల నెత్తిన భారం తగ్గించడానికి వాళ్లకు తోచిన ఉపాయం, దాన్ని తీసి తల్లుల నెత్తిన పెట్టడం.

ఈ మాటలు ఈ కాలనీలో వినడంలో ఒక విచిత్రముంది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్‌కు ఆద్యుడైన అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలసిన కాలనీ ఇది. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12ను ఆ సంస్థ 1969లోనే తెచ్చింది. కంప్యూటరు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఆ కంప్యూటర్లు చేసినవాళ్లకు పొద్దున్నే క్యారేజీ కట్టి, పిల్లల్ని బడికి తయారుచేసిన ఆడవాళ్ల శ్రమ మాత్రం అప్పుడూ ఏ లెక్కలోకీ రాలేదు.

వక్తలు పదేపదే వాడిన ‘కాగ్నిటివ్ లోడ్’ అన్న మాటను ఆలోచనా భారం అనుకుందాం. ఆస్ట్రేలియాలో పనిచేసిన జాన్ స్వెల్లర్ 1988లో ఈ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు. కొత్త సంగతి నేర్చుకునేటప్పుడు దాన్ని కాసేపు పట్టి ఉంచే జ్ఞాపకం చాలా ఇరుకైనది. పాఠంలో సహజంగా ఉండే కష్టం ఒకటి, పాఠం చెప్పే తీరు వల్ల అనవసరంగా నెత్తిన పడే కష్టం ఇంకొకటి. లెక్క వీడియోలో, ప్రశ్న యాప్‌లో, జవాబు నోట్‌బుక్కులో, ఆ జవాబు ఫోటో వాట్సాప్ గ్రూపులో అయినప్పుడు వీటన్నిటినీ కలుపుకోవడానికే పిల్ల శక్తి సగం ఖర్చవుతుంది. ఇందులో నాకు పేచీ లేదు. ఈ సిద్ధాంతాన్ని మనకు వినిపించేవాళ్లు తెర అంచు దగ్గరే ఆగిపోతారు, పేచీ అక్కడ. తెరకు ఇవతల కూర్చున్న పిల్ల ఎవరు, అంతకుముందు ఏం చేసి వచ్చి కూర్చుంది అని అడగరు.

మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఒకామె కూతురు సర్కారు బడిలో తొమ్మిదో తరగతి. ‘‘ఫోను వాళ్ల నాయన తాన ఉంటది మేడమ్. ఆయన ఇంటికొచ్చినంక మొదలు పెద్దోడు చూస్తడు, అటెన్క ఇది చూస్తది’’ అంది తల్లి. ఆ ‘అటెన్క’ అంటే రాత్రి పది. ఈలోగా ఆ పిల్ల నీళ్లు పట్టి, అన్నం వండి, అంట్లు తోమి ఉంటుంది. పాఠం నడుస్తుండగా తండ్రికి ఫోనొస్తే ఆపాలి. డేటా ఎంత మిగిలిందో చూసుకోవాలి. ఎవరికి మెసేజ్ పెడుతున్నావని అన్న తొంగిచూస్తే సంజాయిషీ ఇవ్వాలి. పొద్దున నల్లా ఎన్నింటికి వస్తుందో గుర్తుంచుకోవాలి. ఇవేవీ పాఠంలో లేవు. కానీ అన్నీ ఆ ఇరుకు జ్ఞాపకంలోనే కూర్చుంటాయి. ఇది అనవసర భారం కాక మరేమిటి?

లేమి ఆలోచనను ఎట్లా తినేస్తుందో చెప్పే పరిశోధన మన పక్క తమిళనాడులోనే జరిగింది. చేతిలో డబ్బు ఆడని కోతకు ముందు రోజుల్లో చెరకు రైతులు మానసిక పరీక్షల్లో వెనకబడ్డారనీ, కోత తర్వాత అదే రైతులు మెరుగ్గా చేశారనీ 2013లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. మనుషులు వాళ్లే, మెదడూ అదే. మన బడుల్లో మాత్రం పేద పిల్ల పాఠం మరిచిపోతే ‘‘దీనికి బుర్ర లేదు’’ అనేస్తారు.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. ఇవి చేతుల లెక్కలు. ఏ టీచరు ఏ గ్రూపులో ఏం పెట్టింది, పాస్‌వర్డ్ ఏమిటి, రేపటికి చార్టు కొనాలా అని రోజంతా మనసులో మోసే పనికి నిమిషాలు ఎవరు వేస్తారు?

ప్రభుత్వాలకు వస్తువు పంచడమే తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులిచ్చారు. 2024 జులైకల్లా ఆ కంపెనీ దివాలా విచారణకెక్కింది. ట్యాబు ముందు కూర్చునే తీరుబడిని ఆడపిల్లలకు ఎవరూ పంచలేదు. ఆ మాటకొస్తే మనం మాత్రం? కోవిడ్ రోజుల్లో మన సంఘాల్లో చాలామందిమి దాతల దగ్గర ఫోన్లు తెచ్చి ఆడపిల్లలకిచ్చాం, ఎన్ని ఇచ్చామో నివేదికల్లో రాశాం. ఆర్నెల్ల తర్వాత ఆ ఫోను ఎవరి జేబులో ఉందని ఎందరం అడిగాం? నేనూ అడగలేదు.

ఇక్కడ మనం ఇంకో ఉచ్చులో పడకూడదు. ఫోను బుర్ర పాడుచేస్తుందన్న మాటను మన ఇళ్లలో మొదట వాడేది కూతురి చేతిలోంచి ఫోను లాక్కోవడానికే. కొడుకు పట్టుకుంటే చదువు, కూతురు పట్టుకుంటే అనుమానం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్నవాళ్లు మగవాళ్లలో 57 శాతముంటే ఆడవాళ్లలో 33 శాతమే. ఆపదలో 181కి ఫోను చేయాలన్నా ఆ పిల్లకు చేతిలో ఫోనుండాలి. కాబట్టి నేను ఫోను వద్దనడం లేదు. డిజిటల్ పాఠమేదైనా బడిలోనే, బడివేళల్లోనే, బడి సొంత సాధనాల మీదే జరగాలంటున్నాను. ఇంటిపని నోట్‌బుక్కులో రాసి పంపాలి. సాయంత్రం దాటాక మెసేజ్‌లు ఆపాలి. బస్తీలో ఆడపిల్లలు కూర్చుని చదువుకునే గది కావాలి. అన్నకూ అంట్లు తోమడం రావాలి.

ఆ చివరి మాట సమావేశంలోనే లేచి అన్నాను. వక్తల్లో ఒకాయన నవ్వి, ‘‘అది మీ ఇంటి విషయం మేడమ్’’ అన్నాడు.

2024లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు బడులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులు అప్పగించింది. బడిని తుడిచి సర్దే పనికి అమ్మలు పనికొచ్చారు గనక, ఇంటికి ఎంత చదువు పంపాలన్నదీ వాళ్లే అడగాలి. ఆ తొమ్మిదో తరగతి పిల్ల తల్లి వచ్చే సమావేశానికి వెళ్లి అడుగుతానంది. ఆ పూట పని మానినందుకు జీతం కోయొద్దని నాలుగిళ్లవాళ్లకూ చెప్పాం. ఇప్పటికి రెండిళ్లు ఒప్పుకున్నాయి.