దుబాసీ రాసిన తిరుగుబాటు: సీమోను బార్ గియోరాని ఎలా చదవాలి?

"ముందు దేశం, తర్వాతే కులం" అనే వాదన యూనివర్సిటీ సెమినార్లలో ఇంకా చావలేదు. పరాయి పాలన పోయాక ఇంటి సంగతి చూసుకుందాం అన్నది దాని సారాంశం. జవాబుగా మనం ఫూలేని, 1818 నాటి కోరేగాంని చూపిస్తే, అది మీ ప్రత్యేక కథ అని పక్కన పెడతారు. అందుకే ఈసారి మన కులాల ఊసే లేని చోటికి, దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి యూదయకి వెళ్దాం.

క్రీ.శ. 66లో యూదులు రోమ్ మీద తిరగబడ్డారు. ఒక జాతి ఒక సామ్రాజ్యంతో చేసిన యుద్ధంగానే దీన్ని చెప్తుంటారు. అయితే తిరుగుబాటు మొదట్లోనే యెరూషలేములో జనం తగలబెట్టినవాటిలో అప్పు పత్రాలు దాచిన దస్తావేజుల కచేరీ ఉంది. మాజీ ప్రధాన యాజకుడు అననియ ఇల్లూ అప్పుడే కాలింది. అప్పులపాలైనవాళ్ళు తమవైపు రావాలని, పేదలు ధనికుల మీద భయం లేకుండా లేవాలని ఈ పని చేశారని జోసెఫస్ రాశాడు. అంటే నిప్పు పెట్టినవాళ్ళకి శత్రువు ఒక్క రోమ్ మాత్రమే కాదు.

సీమోను బార్ గియోరా ఆ జనంలోంచి వచ్చినవాడు. ఊరు గెరాసా. 66 చివర్లో రోమన్ సేనాని సెస్టియస్ గాలస్ యెరూషలేము మీదికి వస్తుంటే బేత్ హోరోను కనుమల్లో అతని సైన్యాన్ని వెనకనుంచి కొట్టి, సామాన్లు మోసే పశువులను పట్టుకొచ్చాడు. అంత చేసినా, ఆ తర్వాత యాజక కులీనులు ఏర్పరచుకున్న ప్రభుత్వంలో అతనికి ఏ పదవీ దక్కలేదు. అక్రబత్తీను ప్రాంతంలో ధనికుల ఇళ్ళ మీద పడుతున్నాడని ప్రధాన యాజకుడు అననస్ అతని మీదికే సైన్యాన్ని పంపాడు. రోమ్ ఇంకా ఓడిపోలేదు, అయినా సొంత సేనానిని వేటాడే తీరిక వాళ్ళకి దొరికింది! సీమోను మసాదా కోటకి పారిపోయాడు.

అననస్ చనిపోయాక అతను కొండల్లోకి వెళ్ళి ఒక ప్రకటన చేశాడు: బానిసలకు స్వేచ్ఛ, స్వతంత్రులకు బహుమానం. జనం పోగయ్యారు. మొదట పల్లెలు, తర్వాత పట్టణాలు అతనివైపు వచ్చాయి. చివరికి 69 వసంతంలో యెరూషలేమే తలుపులు తీసింది. యుద్ధం నాలుగో ఏట ముద్రించిన కంచు నాణేల మీద "సీయోను విమోచన కొరకు" అని ఉంటుంది. వీటిని సీమోను పక్షానికి చెందినవిగా భావించే పండితులున్నారు. అంతకుముందు రెండేళ్ల కంచు నాణేల మీద ఉన్న మాట "సీయోను స్వేచ్ఛ". స్వేచ్ఛ పోయి విమోచన ఎందుకు వచ్చింది? అమ్ముడుపోయిన బంధువును డబ్బు కట్టి విడిపించే సందర్భంలో లేవీయకాండం 25వ అధ్యాయం వాడే హీబ్రూ మాట ఇదే. బానిసలు నడిచిన సైన్యానికి ఆ మాట యాదృచ్ఛికంగా దొరికిందని నేననుకోను.

ఇక అతని పేరు. అరామిక్‌లో "బార్ గియోరా" అంటే మతం మార్చుకుని వచ్చినవాడి కొడుకు. మారింది తండ్రి, ముద్ర పడింది కొడుకు పేరులో. ఆంధ్రలో బీసీ-సీ సర్టిఫికెట్ పట్టుకు తిరిగే కుటుంబాలకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయిము యూదులుగా చెప్పుకునే మాదిగ కుటుంబాలున్నాయి. వాళ్ళ మీద యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వాళ్ళకీ ఎదురయ్యే మొదటి ప్రశ్న "మీరు నిజంగా యూదులేనా?" అన్నదే.

సీమోను గురించి మనకి తెలిసిందంతా దాదాపు ఒక్కడి కలం నుంచే వచ్చింది. జోసెఫస్ యాజక వంశస్థుడు, గలిలయలో సేనాని, 67లో రోమన్లకి లొంగిపోయాడు. ముట్టడి రోజుల్లో తీతు పంపితే గోడల దగ్గర నిలబడి, లొంగిపొమ్మని తనవాళ్ళ భాషలోనే బతిమాలాడు. మన మాటలో చెప్పాలంటే దుబాసీ. పుదుచ్చేరిలో ఉండి ఈ మాట రాస్తే ఆనందరంగ పిళ్ళై గుర్తుకు రాకమానడు. డూప్లేకి దుబాసీ, కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథానికి కృతిభర్త, 18వ శతాబ్దపు పుదుచ్చేరికి పెద్ద సాక్షి. 1745లో ఇక్కడి చర్చిలో పరయర్లను వేరుచేసే గోడ మీద వాళ్ళే వెళ్ళి పాదిరిని నిలదీసి, దాన్ని పడగొట్టించిన సంగతి ఆయన దినచర్యలో ఉంది. దుబాసీ కాగితాన్ని పారేయలేం, అది పోతే ఈ గోడ కథా పోతుంది. రాసినవాడు ఎక్కడ నిలబడి రాశాడో చూసుకుని చదవాలి. జోసెఫస్‌కి సీమోను ఒక నిరంకుశుడు, దొంగల నాయకుడు. కానీ ఆ జోసెఫస్సే, బానిసలూ దొంగలే కాదు, చాలామంది పౌరులు కూడా అతన్ని రాజులా భావించి లోబడ్డారని ఒప్పుకున్నాడు.

అలాగని సీమోనుకి దండ వేసి ఫొటో పెట్టే పని లేదు. అతని పక్షమూ గిస్కాల యోహాను పక్షమూ కొట్టుకుని, ఏళ్ల తరబడి ముట్టడికి నిలబడగల ధాన్యాన్ని తగలబెట్టుకున్నాయి. తనని నగరంలోకి పిలిచిన యాజకుడు మత్తియని, అతని కొడుకుల్లో ముగ్గురినీ చంపించాడు. ఇవన్నీ దుబాసీ కల్పనలని కొట్టిపారేయడం మనకు అక్కరకొచ్చే చదువు కాదు. విడుదలైన బానిసల్లో ఒక్కరి పేరైనా ఆ పుస్తకంలో లేకపోవడం నన్ను ఇంతకంటే ఎక్కువ బాధపెడుతుంది.

నేనుండే విల్లియనూరుకి దగ్గర్లోనే కీళూరు ఉంది. 1954 అక్టోబరు 18న 178 మంది ప్రతినిధులు అక్కడ చేరితే 170 మంది భారత్‌లో విలీనానికి ఓటేశారు. స్మారకం కట్టారు, ఏటా జెండా ఎగరేస్తారు. మంచిదే. మరి 1881 డిక్రీకి స్మారకమేది? వ్యక్తిగత ఆచార చట్టాన్ని వదులుకుని, ఇంటిపేరు పెట్టుకుని ఫ్రెంచి పౌర స్మృతి కిందికి వెళ్ళే వీలు అప్పుడొచ్చింది. ఆ దారి పట్టినవాళ్ళలో దళితులు, క్రైస్తవులు ఎక్కువ. ఫ్రెంచివాళ్ళు విముక్తి ప్రదాతలేం కాదు, ఈ రేవునుంచే కూలీలను రీయూనియన్ తోటలకి ఎగుమతి చేశారు. అయినా పరాయివాడి చట్టంలో దొరికిన చిన్న సందులోంచి కులాచారాన్ని తప్పించుకోవాలని చూసినవాళ్ళని దేశద్రోహులనగలమా? 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో అంబేద్కర్ విదేశీయులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. దేశానికి స్వేచ్ఛ వేరు, దేశంలోని మనుషులకి స్వేచ్ఛ వేరు, రెండూ ఒకటేననుకుని మోసపోకండి అన్నదే అందులో ఆయన వాదన. ఏ సెమినార్‌లో ఎవరు "ముందు దేశం" అన్నా, ఆ అధ్యాయానికి జవాబు చెప్పాకే మాట్లాడమని అడగాలి.

70లో ఆలయం కాలి నగరం కూలాక సీమోను రాళ్ళు కొట్టేవాళ్ళతో, పనిముట్లతో భూగర్భంలోకి దిగి సొరంగం తవ్వాడు. తిండి అయిపోయింది, దారి తేలలేదు. తెల్లని అంగీ మీద ఊదా రంగు వస్త్రం కప్పుకుని, ఆలయం ఉండిన చోటే పైకి వచ్చి పట్టుబడ్డాడు. గిస్కాల యోహానుకి రోమ్ యావజ్జీవ ఖైదు వేసింది. 71లో వెస్పాసియన్, తీతుల విజయోత్సవంలో మెడకి తాడు కట్టి, కొరడాలతో కొడుతూ ఈడ్చుకెళ్ళి చంపింది మాత్రం సీమోనుని. ఆ ఊరేగింపును పూసగుచ్చినట్టు వర్ణించింది కూడా జోసెఫస్సే. వెస్పాసియన్ చక్రవర్తి కాకముందు తానున్న ఇంట్లోనే అతనికి బస ఇచ్చాడు.