వలస కూలీల బిడ్డకు బర్త్ సర్టిఫికెట్... మీ అరగంట చాలు!

"పాపకు వయసెంతమ్మా?"

ఆసుపత్రిలో మేం రోజూ ఎన్నిసార్లు అడుగుతామో లెక్కలేదు. కిందటి వానాకాలంలో జ్వరంతో ఓ పాపను తీసుకొచ్చిన తల్లిని ఇదే అడిగాను. "మిరపకాయల కోతలకు పోయినప్పుడు పుట్టింది సార్" అంది. ఏ ఏడాది కోతలంటే భర్త వంక చూసింది. ఆయనా చెప్పలేకపోయాడు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు వెళ్లే కుటుంబాల్లో వాళ్లదొకటి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇళ్లు కట్టే పనుల్లో ఉన్నారు.

జ్వరానికి మందు బరువు చూసి ఇచ్చేశాను. అసలు చిక్కు ఆ తర్వాతే. పాప ఎత్తు, బరువు మూడేళ్ల పిల్లకు సరిపోయేలా ఉన్నాయి. వయసు మూడేళ్లే అయితే దిగులు లేదు. ఐదేళ్లకు దగ్గరైతే ఎదుగుదల వెనకబడినట్టు, కారణం వెతకాలి. ఏ టీకాలు వేయాలో కూడా వయసును బట్టే చెప్పాలి. టీకాల కార్డు ఊళ్లు మారడంలో ఎక్కడో పోయింది. పుట్టిన తేదీ తెలియకపోతే ఆఫీసుల్లోనే కాదు, వైద్యంలోనూ ఇబ్బందే.

వెళ్లేముందు తండ్రి అడిగాడు, "బడిలో సర్టిఫికెట్ అడుగుతున్నారు. మీరు రాసిస్తారా సార్?" రాసివ్వలేను. జననం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారే ఆ పత్రం ఇవ్వాలి. నిజానికి వయసు పత్రం లేదని ఒకటో తరగతిలో చేర్చుకోకపోవడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఆ మాట బడిలో చెప్పే ధైర్యం కూలీకి ఎక్కడిది?

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అందులో తల్లిదండ్రుల సొంతూరు ఏది, రేషన్ కార్డు ఎక్కడుంది అన్న పట్టింపు లేదు. బిడ్డ హైదరాబాద్‌లో పుడితే తల్లిదండ్రులు ఒడిశా వాళ్లయినా, పాలమూరు వాళ్లయినా నమోదు హైదరాబాద్‌లోనే. 21 రోజుల్లోపు అయితే రుసుం లేదు, మొదటి పత్రమూ ఉచితమే. 30 రోజుల వరకు ఆలస్య రుసుం కడితే సరిపోతుంది. అది దాటితే పైఅధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. రోజు కూలీకి ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రతి రోజూ పస్తే.

పైగా 2023 అక్టోబర్ 1 నుంచి చట్ట సవరణ అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి పుట్టిన పిల్లలకు బడి, ఓటు, డ్రైవింగ్ లైసెన్స్, పెళ్లి రిజిస్ట్రేషన్, ప్రభుత్వ ఉద్యోగం, అన్నిటికీ పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెటే చూపాలి. పాస్‌పోర్టుకూ అంతే. ఆధార్ ఉంది కదా అనుకోవద్దు. అది గుర్తింపు కోసం, పుట్టిన తేదీకి రుజువు కాదు. మన తరంలో చాలామందికి బడి పంతులు వేసిన తేదీయే పుట్టినరోజు అయిపోయింది. ఇప్పటి పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

ఇందులో మా తప్పూ ఉంది. ఆసుపత్రిలో కాన్పయితే రిజిస్ట్రార్‌కు సమాచారం పంపాల్సింది మేమే. చాలాసార్లు పంపుతాం కూడా. కానీ రెండు మూడు రోజులకే బాలింతను ఇంటికి పంపే హడావిడిలో, సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలో, అదెందుకో ఆమెకు అర్థమయ్యేలా చెప్పే తీరిక మాకుండదు. భాష రాని తల్లి అయితే మరీ కష్టం. పేరు తప్పు రాసినా ఆమెకు తెలియదు.

ఆ ఖాళీని మీరు పూరించగలరు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లోనో, మీ పనమ్మాయి ఇంట్లోనో, పక్క స్థలంలో ఇల్లు కడుతున్న కూలీల గుడిసెలోనో చంటిబిడ్డ ఉంటే ఒక్క మాట అడగండి. చాలా ఇళ్లలో బారసాల చేసేది 21వ రోజునే. గడువూ అదే అని గుర్తుపెట్టుకోండి.

ఆసుపత్రిలో పుడితే డిశ్చార్జి కాగితం ఫొటో తీసి ఉంచండి. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో సరిచూడండి. ఆధార్ నంబరు ఉంటే ఇవ్వాలి, లేదని నమోదు ఆపడానికి లేదు. పాప పేరు ఇంకా పెట్టలేదా? అయినా నమోదు చేయించండి. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్చవచ్చు, తర్వాత రుసుంతో 15 ఏళ్ల వరకు చేర్చవచ్చు. కాన్పు ఇంట్లోనే జరిగితే ఇంటి పెద్ద తెలియజేయాలి. ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్త దారి చూపుతారు.

గడువు దాటిపోతే కంగారుపడి దళారి దగ్గరికి వెళ్లవద్దు. నమోదు ముందే జరిగి, సర్టిఫికెట్ మాత్రం తీసుకోకుండా ఉండిపోయిందేమో కనుక్కోండి. సులువని వేరే తేదీ, వేరే ఊరు మాత్రం రాయించవద్దు. ఆ అబద్ధం బిడ్డను జీవితాంతం వెంటాడుతుంది.

మిరప కోతల్లో పుట్టిన పాప సంగతి అంటారా? ఆ దంపతులు పనిచేస్తున్న ఇంటి యజమాని తీరిక చేసుకుని, కాన్పు జరిగిన పీహెచ్‌సీకి ఫోన్ చేశారు. ఎంట్రీ ఉంది. తల్లి పేరు, 'ఆడపిల్ల' అన్న మాట, తేదీ. రుసుం కట్టి పాప పేరు చేర్పించి సర్టిఫికెట్ తెప్పించారు. దాన్ని పట్టుకుని తండ్రి మళ్లీ నా దగ్గరికి వచ్చాడు.

పాపకు నాలుగేళ్ల ఏడు నెలలు. అంటే ఎదుగుదల వెనకబడింది. ఇప్పుడు ఏ పరీక్షలు చేయాలో, ఏ ఆహారం చెప్పాలో, ఏ టీకాలు వేయాలో నాకు తెలుసు.

ఈ వారం మీ వాచ్‌మన్‌ను అడుగుతారు కదూ?